చేప యీత - నీటి పరీక్ష

సూరత్ నగరము తాపీ నది యొడ్డున నున్నది. మరమగ్గములపై బ్రతుకుతెరువు వెదకికొనుచు తెలంగాణమునుండి వెళ్ళి యచట స్థిరపడిన పద్మశాలి కుటుంబములు పెక్కు గలవు. నేతయు, రంగుల అద్దకమును ఆ నగరమునకు అన్నము పెట్టు వృత్తులు. అయితే అద్దకమునకు నీరు విస్తారముగా కావలెను. వాడిన నీరు శుద్ధి కాకయే, అచటివారు ఖాడీలని పిలుచు వాగులలోనికి చేరినచో, ఆ బాధ మొదట చేపకు తెలియును.

మన దేశమున 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమముల క్రింద నొక పరీక్ష కలదు. కార్ఖానా విడుచు నీటిలో వేరు నీటిని కలుపక చేపలను 96 గంటలుంచినచో, నూటికి 90 బ్రతికియుండవలెను. మంచి పరీక్షయే. కాని జ్వరపడి లేచినవాడును బ్రతికియే యుండును. బరువెత్తుమన్నప్పుడుగాని అతని నీరసము బయటపడదు. చేపకు ఈత అట్టిది.

కెనడా శాస్త్రజ్ఞుడు జె. ఆర్. బ్రెట్ 1964లో సాల్మన్ చేపలపై పరిశోధించి దీనిని కొలుచు క్రమమును ప్రకటించెను. గొట్టము వంటి తొట్టిలో నీటిని పారించి చేపను విడుతురు. అది ఎదురీదును. నియమిత కాలమున కొకమారు ప్రవాహవేగమును కొంచెము కొంచెముగా పెంచుదురు. తుదకు చేప అలసి వెనుకనున్న జల్లెడకు కొట్టుకొనిపోవును. అది ఎంత వేగమువరకు నిలిచినదో లెక్కకట్టి, నిర్మలమైన నీటిలో ఈదిన అదే జాతి, అదే పరిమాణము గల చేపతో పోల్చుదురు. రెండు నీళ్ళ వేడిమియు సమానముగా లేనిచో పోలిక చెల్లదు.

ఈత యేల తగ్గును? కండలకు ప్రాణవాయువు కావలెను. దానిని నీటినుండి గ్రహించునవి మొప్పలు. కొన్ని రంగులలోనుండు రాగి వంటి లోహములు, అమ్మోనియా మొప్పలను చెరచును. మలినములు కుళ్ళునపుడు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరించును. చేపలు వృద్ధిపొందుటకు లీటరు నీటిలో కనీసము 4 మిల్లీగ్రాములుండవలెనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణము.

అయితే చేప చురుకుగా ఈదుచున్నదని ఆ నీటిని త్రాగరాదు. కలరా, టైఫాయిడ్ క్రిములు మనుష్యుని పడవేయునుగాని చేపను బాధింపవు. త్రాగునీటిని మరిగించియో, క్లోరిన్ కలిపియో వాడవలెను. మరిగించినను లోహములు పోవు. కనుక కార్ఖానా నీరు కలిసిన వాగు నీరు ఏ విధముగను పనికిరాదు. నీటిపైకి వచ్చి నోరు తెరచుచు, ఎదురీదలేక చేతికి చిక్కు చేపలను సులువుగా దొరకినవని మురిసి కూరకు కొనిపోరాదు. సూరత్‌లో నున్నవారు ఆ సంగతిని వెంటనే గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలికి తెలుపవలెను.