ట్రక్కు వీపు మీద ఇల్లు

1960లో అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్ తన కుక్క చార్లీని వెంటబెట్టుకుని దేశం చుట్టి రావడానికి బయలుదేరాడు. ఎలాగో తెలుసా? పికప్ ట్రక్కు మీద మంచం, పొయ్యి ఉన్న ఒక గదిని బిగించి, ఇంటినే వెంట తీసుకుపోయాడు! ఆ ట్రక్కు ఈనాటికీ కాలిఫోర్నియాలోని సలీనాస్ పట్టణంలో భద్రంగా ఉంది.

ఇలాంటి గదిని 'క్యాంపర్' అంటారు. పికప్ ట్రక్కు వెనక ఉండే తొట్టిలోకి దీన్ని జరిపి బిగిస్తారు. పని అయిపోయాక జాకీలతో పైకెత్తి, కింద నుంచి ట్రక్కును ముందుకు నడిపితే సరి. మళ్లీ మామూలు ట్రక్కే!

మరి తేలికపాటి ట్రక్కు ఒక ఇంటిని మోయగలదా? లెక్క వేసి చూద్దాం.

ఎంత బరువు వేయవచ్చో తెలిపే చీటీ డ్రైవరు తలుపు దగ్గర అంటించి ఉంటుంది. మన ట్రక్కుకు అది 800 కిలోలు అనుకోండి. ఖాళీ క్యాంపర్ 600 కిలోలు. "ఇంకేం, సరిపోయింది!" అంటారా? తొందరపడకండి. తొట్టెలో 80 లీటర్ల నీళ్లు పోస్తే 80 కిలోలు. గ్యాసు, తిండి, బట్టలు 70 కిలోలు. నలుగురు మనుషులు 250 కిలోలు. మొత్తం 1000 కిలోలు! హద్దు దాటి 200 కిలోలు ఎక్కువైంది. ఈ భారం స్ప్రింగులు, టైర్లు, బ్రేకుల మీదే పడుతుంది.

బరువు హద్దులోనే ఉన్నా సరిపోదు. అది ఎక్కడ కూర్చుందన్నదీ ముఖ్యమే. ఎడ్లబండిని గమనించారా? బస్తాలన్నీ ఇరుసుకు వెనక వేస్తే కాడి పైకి లేస్తుంది. ట్రక్కులోనూ అంతే! ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 350 సెంటీమీటర్లు, క్యాంపర్ బరువు 700 కిలోలు అనుకుందాం. దాని గరిమనాభి వెనక ఇరుసుకు 50 సెంటీమీటర్లు వెనక పడితే ఏమవుతుంది? 700ని 50తో గుణించి 350తో భాగించండి. 100 వస్తుంది. అంటే ముందు చక్రాల మీద భారం 100 కిలోలు తగ్గిపోతుంది. వెనక ఇరుసు మీద 800 కిలోలు పెరుగుతుంది! ట్రక్కును మలుపు తిప్పేవి ముందు చక్రాలే కదా. అవి తేలికైతే రోడ్డు మీద పట్టు తప్పి, ట్రక్కు డ్రైవరు మాట వినదు. అదే గరిమనాభి ఇరుసుకు కాస్త ముందు ఉంటే, రెండు జతల చక్రాలూ భారం పంచుకుంటాయి.

అందుకే అమెరికాలో క్యాంపర్ మోసే ట్రక్కులు తయారుచేసేవారు, గరిమనాభి ఏ హద్దుల మధ్య ఉండాలో బొమ్మ వేసి మరీ తెలపాలని నిబంధన ఉంది.

ఇంకొక సంగతి. క్యాంపర్ ఎత్తుగా ఉంటుంది కనుక గరిమనాభి కూడా పైకి పోతుంది. మలుపులో వేగంగా తిప్పితే ట్రక్కు పక్కకు ఒరుగుతుంది. కనుక బరువైన సామాను కింద, ముందువైపు సర్దాలి. మలుపుల్లో నెమ్మదిగా పోవాలి.

మీరే చేసి చూడండి: పలకల పెన్సిళ్లు రెండు అడ్డంగా పెట్టి, వాటి మీద 30 సెంటీమీటర్ల స్కేలు ఉంచండి. ఒక పెన్సిల్ సున్నా గీత కింద, రెండోది 20వ గీత కింద ఉండాలి. 18వ గీత దగ్గర ఎన్ని నాణేలు పేర్చినా స్కేలు కదలదు. ఇప్పుడు 29వ గీత దగ్గర ఒక్కొక్కటే పేర్చండి. ఎన్నో నాణేనికి ముందు కొస గాలిలోకి లేచింది? ట్రక్కు ముందు చక్రాలు తేలికయ్యేది సరిగ్గా ఇలాగే!