చాయ్ తాగిన కంప్యూటర్‌కి స్నానం

రండి బిడ్డలూ, ఇటు జరిగి కూర్చోండి. పక్క గాలా షెడ్డులో సాంచాలు, అదే మరమగ్గాలు, మొదలయ్యాయంటే నా గొంతు మీకు వినపడదు.

మన భివండీలో చాయ్‌కి వేళాపాళా లేదు. కెటిల్ పట్టుకున్న పోరడు తెల్లారినప్పటి నుంచి రాత్రి పాళీ దాకా గాలా గాలాకీ కటింగ్ చాయ్ పంచుతూనే ఉంటాడు. ఇక్కడ పద్మానగర్‌లో మన తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు తిండికైనా ఓర్చుకుంటారు గానీ చాయ్‌కి ఓర్చుకోరు. వెనకట లెక్కలన్నీ ఎర్ర అట్ట పుస్తకంలో ఉండేవి, చాయ్ ఒలికితే ఆ కాగితం చింపి మళ్లీ రాసుకునేవాళ్లం. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక బిల్లులన్నీ కంప్యూటర్ ఎక్కాయి. గ్లాసుకీ కీబోర్డుకీ మధ్య జానెడు దూరం. ఒలకకుండా ఎన్నాళ్లుంటుంది?

మొన్న వేసవిలో లెక్కలు రాసే ఒక మెహతాజీ ల్యాప్‌టాప్ మీద అర గ్లాసు చాయ్ ఒలికింది. గుడ్డతో తుడిచి ఫ్యాన్ కింద పెట్టాడు. సాయంత్రానికి అది లేచి కూర్చుంది. "మనదేం కాలే, మంచిగనే ఉన్నది" అని నలుగురికీ చెప్పుకున్నాడు. జూన్‌లో వానలు దిగాయి, ల్యాప్‌టాప్ పడకేసింది. అప్పటికి ఆయనకి చాయ్ సంగతి గుర్తే లేదు, తప్పంతా కరెంటు మీదికి తోశాడు.

దాన్ని విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కీబోర్డు తీగ బోర్డులో దిగే చోట పచ్చటి చిలుము పట్టి ఉంది. బట్టలో పోగులు లెక్కపెట్టే భూతద్దం నా జేబులో ఎప్పుడూ ఉంటుందిగా, అది పెట్టి చూశాను. గోధుమరంగు పొర ఒకటి నిగనిగలాడుతోంది. రెండు టంకం చుక్కల నడుమ, ఆ పొర కింద, వెంట్రుకలో సగం కూడా లేని లోహపు కొమ్మ ఒకటి ఈ చుక్క నుంచి ఆ చుక్కకి పాకింది. ఆ కొమ్మ ఎవరు నాటారో చెబుతా వినండి.

నీళ్లలో కరెంటు పారుతుందని మీకు తెలుసు. కానీ ఏ ఉప్పూ కలవని శుద్ధమైన నీళ్లలో కరెంటు దాదాపు పారదు. మన నల్లా నీళ్లలో దానికంటే కొన్ని వేల రెట్లు బాగా పారుతుంది, ఎందుకంటే అందులో లవణాలు కరిగి ఉంటాయి. చాయ్‌లో పాల లవణాలు కూడా తోడు. ఇక్కడ ఒక తమాషా ఉంది. చక్కెర తనంతట తాను కరెంటుని నడపదు. అది చేసే చెడుపు వేరు, దాని దగ్గరికి వస్తా.

ఒక గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి, 9 వోల్టుల బ్యాటరీకి రెండు రాగి తీగలు కట్టి ముంచి చూడండి. కిటికీ మాత్రం తెరిచి పెట్టుకోండి. మైనస్ తీగ దగ్గర బుడబుడమని బుడగలు లేస్తాయి, అది హైడ్రోజన్. ప్లస్ తీగ మెల్లగా అరిగిపోయి నీళ్లు రంగు మారి మురికి కడతాయి. అంటే రాగి కరిగి నీళ్లలోకి దిగుతోందన్న మాట. బోర్డు మీద జరిగేదీ ఇదే, కాకపోతే అక్కడ ప్లస్సుకీ మైనస్సుకీ మధ్య అర మిల్లీమీటరు కూడా ఉండదు. ప్లస్ దగ్గర కరిగిన లోహం తడిలో ఈదుకుంటూ మైనస్ దగ్గరికి చేరి, అక్కడ పేరుకుంటూ పేరుకుంటూ కొమ్మై మొలుస్తుంది. ఆ కొమ్మ అవతలి ఒడ్డు తాకిన రోజున షార్ట్.

అందుకే చాయ్ పడగానే మొదట వెతకాల్సింది గుడ్డ కాదు, స్విచ్చి. తడి ఉన్నా కరెంటు లేకపోతే కొమ్మ మొలవదు. ల్యాప్‌టాప్‌కి చార్జరు పీకి, పవర్ బటన్ ఆరిపోయేదాకా నొక్కి పట్టి, గుడారంలా బోర్లించాలి. బ్యాటరీ లోపల ఉన్నంతసేపూ బోర్డుకి కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి విప్పడం వచ్చినవాళ్లతో దాన్ని ముందు తీయించాలి. పెద్ద డబ్బా కంప్యూటరైతే గోడ దగ్గర ప్లగ్ పీకండి. అందులో కరెంటు మార్చే ఇనుప పెట్టె ఒకటుంటుంది, ఎస్ఎంపీఎస్ అంటారు. దాన్ని మాత్రం ఎవరూ విప్పకండి. ప్లగ్ పీకాక కూడా దాని కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా దాక్కుని ఉండొచ్చు.

ఇప్పుడు చక్కెర. పడుగు సైజింగ్‌కి పోయి వస్తుంది కదా, గంజి తాగిన నూలుని ఎండబెడితే గంజి పోతుందా? ఇంకా బిగుసుకుంటుంది. ఉతికితేనే పోతుంది. బోర్డు మీద చాయ్ కూడా అంతే. ఫ్యాన్ గాలికి నీళ్లు ఎగిరిపోయి చక్కెరా, పాల మీగడా, లవణాలూ గంజిలా అతుక్కుపోతాయి. ఆ ఎండిన పొర వేసవంతా నోరు మూసుకుని ఉంటుంది. గాలిలో తేమ 85 శాతం చేరితే చక్కెర ఆ తేమని పీల్చి తనే కరగడం మొదలుపెడుతుంది, ఉప్పుకైతే 75 శాతమే చాలు. మన వానాకాలంలో ఆ తేమ రోజూ ఉండేదే. మెహతాజీ ల్యాప్‌టాప్ వానల్లో పోయిన కారణం అది.

ఫోన్ తడిస్తే బియ్యం డబ్బాలో పెట్టేవాళ్లూ ఇదే మరిచిపోతారు. బియ్యం నీళ్లనే అంతంతమాత్రంగా లాగుతుంది, చక్కెరని ఎక్కడ లాగుతుంది? పైగా దాని నూక సందుల్లో చేరుతుంది. ఆపిల్ కంపెనీ కూడా 2024లో ఫోన్లని బియ్యంలో పెట్టొద్దని చెప్పింది.

మరి కడగాలి. కంప్యూటర్ని నీళ్లతోనా అని నవ్వకండి. ఫ్యాక్టరీలో టంకం వేశాక చాలా బోర్డులకి శుద్ధజలంతోనే స్నానం పోస్తారు. బ్యాటరీ, హార్డ్‌డిస్కు, ఫ్యాను, తెర అన్నీ విప్పి పక్కన పెట్టి, ఒట్టి బోర్డుని డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా కడగాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లే ఇవి. దుకాణంలో పక్కనే యాసిడ్ సీసా ఉంటుంది, చూసుకుని కొనండి. మన ఊళ్లో ఇంకో పేచీ ఉంది. ఏ కంప్యూటర్ విప్పినా లోపల సాంచాల దూది నుసి పరుపులా పేరుకుని ఉంటుంది. దూది చాయ్‌ని పీల్చి గట్టిగా పట్టుకుంటుంది. ముందు అది తీయకపోతే ఎంత కడిగినా దండగే.

ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రిపేరు కొట్లలో ఐపీఏ అంటారు, 99 శాతంది. కొందరు నేరుగా దీంతోనే మొదలుపెడతారు. ఒక గిన్నెలో ఐపీఏ పోసి చెంచాడు చక్కెర కలిపి చూడండి, ఎంత తిప్పినా అడుగునే కూర్చుంటుంది. చక్కెరని కరిగించేది నీళ్లే. ఐపీఏ పని వేరు, చిప్పుల కింద సందుల్లో ఇరుక్కున్న నీళ్లతో కలిసిపోయి వాటిని బయటికి తెచ్చి తొందరగా ఎగిరిపోవడం. నీటికి ఉన్న తలతన్యతలో దీనికి మూడో వంతే, అందుకే నీళ్లు ముద్దకట్టి నిలిచే చోట ఇది పలచగా పాకిపోతుంది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది కాబట్టి ఆరుబయట చేయాలి. బీడీ కాలుస్తూ వచ్చే మామలని దూరంగా ఉంచండి.

ఆరడానికి వానాకాలంలో రెండు రోజులైనా పడుతుంది. ఈలోపు మీకో చుట్టరికం చెబుతా. 1804లో ఫ్రాన్సులోని లియాన్ ఊళ్లో జోసెఫ్ మరీ జకార్డ్ అనే ఆయన మగ్గానికి చిల్లులు పొడిచిన అట్టలు కట్టాడు. చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. డిజైనంతా ఆ చిల్లుల్లోనే. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తను కలగన్న లెక్కల యంత్రానికి ఆ అట్టల ఉపాయాన్నే ఎరువు తెచ్చుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలు తేల్చడానికి హోలెరిత్ వాడిందీ చిల్లుల అట్టలే. నేతగాళ్ల పిల్లలు కంప్యూటర్ని చూసి బెరుకు పడితే నాకు నవ్వొస్తుంది, అది మన మేనత్త కొడుకే.

చివరగా కీబోర్డు. చౌక రకం కీబోర్డులో రెండు పలచటి ప్లాస్టిక్ రేకుల మీద వెండి సిరాతో గీసిన గీతలే తీగలు. చాయ్ ఆ రేకుల మధ్యకి పోయిందంటే కడిగినా గీతలు చెరిగిపోవచ్చు. తీగ పీకి, కడిగి, వారం ఆరబెట్టండి. లేస్తే లేచింది, లేకపోతే కొత్తది కొనుక్కోండి. బోర్డు కోసం పడే పాటు దానికి పడొద్దు, కాస్త డబ్బుతో పోయేదానికి నాలుగు రోజుల కూలి పోగొట్టుకునే తెలివి మనకెందుకు?