పొగ ఎక్కడికి పోయింది?

మా బావగారికి కారు కొనాలని బుద్ధి పుట్టింది. “ఏమోయ్, కరెంటు కారు తీసుకుంటాను. పొగన్నదే ఉండదుట!” అన్నారు.

ఆ ఆదివారం ఇద్దరం ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం వైపు వెళ్ళాం. నేలటూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపించాయి. అక్కడ 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి.

“మీ కారు పొగ అదిగో, బావగారూ!” అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

చదువరులు నన్ను పెట్రోలు పక్షపాతి అనుకోవద్దు. లెక్క చూడండి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. లీటరుకు 18 కిలోమీటర్లు నడిచే చిన్నకారు కిలోమీటరుకు దాదాపు 130 గ్రాములు వదిలితే, 10 కిలోమీటర్లే నడిచే భారీ బండి 230 గ్రాములు వదులుతుంది. బొగ్గుతో తీసిన ఒక యూనిట్ కరెంటుకు దాదాపు 900 గ్రాములు. దానితో చిన్న కరెంటు కారు ఆరేడు కిలోమీటర్లు పోతుంది. అంటే, కేవలం బొగ్గు కరెంటే అయితే చిన్నకార్లు రెండూ ఇంచుమించు సమఉజ్జీలే! అయితే ఎండా, గాలీ ఇచ్చే కరెంటు పెరిగినకొద్దీ ఒకదాని పాపం తరుగుతుంది. పెట్రోలు బండికి ఆ యోగం లేదు.

కనుక ‘ఏ కారు?’ అనేముందు ‘ఎంత కారు?’ అని అడగాలి. ఒక్కమనిషి ఆఫీసుకు పోవడానికి ఏనుగంత బండి దేనికి?

తిరిగివస్తూ బకింగ్‌హాం కాలువ గట్టున కాసేపు ఆగాం. ఒకప్పుడు ఈ నీటిమీదే సరుకు పడవలు తెరచాపలెత్తి మద్రాసుదాకా పోయేవి. బావగారు చాలాసేపు కాలువకేసి చూసి, “చిన్నదే కొంటాలేవోయ్!” అన్నారు.