కార్ట్ రేసింగ్‌లో ఆన్‌బోర్డ్ వీడియో

కార్ట్ రేసింగ్‌లో ఆన్‌బోర్డ్ వీడియో అనగా పరుగెడుతున్న కార్ట్‌కు బిగించిన చిన్న కెమెరాతో పందేన్ని చిత్రీకరించడం. చోదకుడు బండి నడుపుతూనే తాను చేస్తున్నదానిని మాటల్లో చెప్పి రికార్డు చేస్తే అది ప్రత్యక్ష వ్యాఖ్యానంతో కూడిన వీడియో అవుతుంది. తన పొరపాట్లను తానే గుర్తించడానికి, కొత్తవారికి ట్రాక్‌ను పరిచయం చేయడానికి ఇటువంటి వీడియోలు ఉపయోగపడతాయి.

చరిత్ర

మొట్టమొదటి కార్ట్‌ను 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్, లూ బొరెల్లి తయారు చేశారు. అయితే చోదకుడు పందెం మధ్యలో మాట్లాడే పద్ధతికి కార్ల పందేలలోనే ప్రసిద్ధి లభించింది. 1979లో ఆస్ట్రేలియాలో జరిగిన బాథర్స్ట్ 1000 పందెంలో పీటర్ విలియమ్సన్ నడిపిన టయోటా సెలికాలో ఛానల్ సెవెన్ వారు "రేస్‌క్యామ్" అనే కెమెరాను అమర్చారు. ఆయన కారు నడుపుతూనే టెలివిజన్ వ్యాఖ్యాతలతో సంభాషించాడు. 1985 జర్మన్ గ్రాండ్ ప్రిలో ఫ్రాన్స్వా ఎనో నడిపిన రెనో కారు ద్వారా ఈ విధానం ఫార్ములా వన్ పందేలలోకి ప్రవేశించింది.

ఆనాటి పరికరాలు బరువైనవి, ఖరీదైనవి. గోప్రో సంస్థ 2004లో ఫిల్ముతో పనిచేసే కెమెరాను, 2006లో 10 సెకన్ల వీడియో తీయగల డిజిటల్ కెమెరాను, 2009లో హెచ్‌డీ కెమెరాను విడుదల చేసింది. ఇటువంటి చిన్న కెమెరాల రాకతో సాధారణ కార్ట్ చోదకులకు కూడా చిత్రీకరణ అందుబాటులోకి వచ్చింది.

చిత్రీకరణలో ఇబ్బందులు

కార్ట్‌కు సస్పెన్షన్ ఉండదు. అందువలన రోడ్డు కుదుపు, ఇంజను ప్రకంపనలు నేరుగా ఛాసిస్ ద్వారా కెమెరాకు చేరతాయి. ఈ కెమెరాలలోని సెన్సారు దృశ్యాన్ని ఒకేసారి కాక వరుస వెంబడి వరుసగా నమోదు చేస్తుంది. ఆ కొద్ది వ్యవధిలోనే కెమెరా కదలడం వలన నిటారు వస్తువులు అలలవలె వంగి కనిపిస్తాయి. పొడవైన కడ్డీ ప్రకంపనలను పెంచుతుంది కాబట్టి, పొట్టిగా, దృఢంగా ఉండే బిగింపు మంచిది.

కెమెరాను ముందు ప్యానెల్ మీద అమరిస్తే ట్రాక్ స్పష్టంగా కనిపిస్తుంది. చోదకుని వెనుక కాస్త ఎత్తులో అమరిస్తే స్టీరింగ్, చేతుల కదలిక కూడా కనిపిస్తాయి. శిక్షణకు ఈ రెండవ కోణం ఎక్కువ ఉపయోగకరం.

ధ్వని

గాలి హోరులోను, ఇంజను మోతలోను కెమెరా మైకుకు మాట వినిపించదు. కనుక స్పాంజి తొడుగు గల చిన్న మైకును హెల్మెట్ లోపల, నోటికి దగ్గరగా ఉంచి, ధ్వనిని వేరుగా రికార్డు చేస్తారు. బయలుదేరే ముందు కెమెరా ఎదుట ఒకసారి చప్పట్లు కొడితే, తరువాత ఆ శబ్దం ఆధారంగా చిత్రాన్ని, ధ్వనిని జతపరచవచ్చు.

వ్యాఖ్యానం

నడుపుతూ పైకి చెప్పడం బ్రిటిష్ పోలీసు డ్రైవింగ్ శిక్షణలో కూడా ఒక అభ్యాసం. చూపు ఎంత దూరం సాగుతున్నదో దీనివలన శిక్షకునికి తెలుస్తుంది. కార్ట్ పందెంలో మలుపులు కొద్ది సెకన్లకొకటి వస్తాయి. కాబట్టి వాక్యాలకు బదులు "బ్రేకు", "లోపలికి", "వదులు" వంటి పొడి మాటలు వాడతారు. వివరణను తిన్నని దారి వచ్చేవరకు ఆపుతారు. మాట ఆలస్యమైతే చోదకుడు ఆ మలుపును ముందుగా ఊహించలేదని అర్థం చేసుకోవచ్చు. అయితే మాట్లాడటం ఏకాగ్రతను కొంత హరిస్తుంది. కనుక పక్కపక్కన పోటీపడే సమయంలో మౌనమే క్షేమం. వ్యాఖ్యానానికి సాధన పరుగులు అనువైనవి.

భద్రత

ఊడిపడిన కెమెరా వెనుక వచ్చేవారికి ప్రమాదకరం. అందువలన బిగింపుతో పాటు ఒక తీగతో కూడా దానిని కార్ట్‌కు కడతారు. హెల్మెట్ పైన కెమెరా ఉంటే, ప్రమాదంలో దెబ్బ బలం ఒకేచోట కేంద్రీకృతం కావచ్చు, లేదా తల మెలితిరగవచ్చు. ఈ కారణంగా పలు పోటీలలో హెల్మెట్‌పై కెమెరాను నిషేధించారు. మిగిలిన చోట్ల అమర్చడానికి కూడా నిర్వాహకుల అనుమతి, సాంకేతిక తనిఖీ అవసరం కావచ్చు. కార్ట్‌లు ఢీకొన్నప్పుడు తప్పు ఎవరిదో తేల్చడానికి అధికారులు ఈ వీడియోలను పరిశీలించే సందర్భాలూ ఉన్నాయి. అయితే ఒకే కెమెరాకు పక్కనుండి, వెనుకనుండి వచ్చినవారు కనబడరు కాబట్టి, ఆ ఒక్క వీడియో ఆధారంగానే నిర్ణయించడం కష్టం.

ఇవి కూడా చూడండి

* కార్టింగ్
* ఫార్ములా వన్
* హెల్మెట్