ఆమ్ల క్షారముల సంధి

మంగళహారతి పళ్ళెములోని పసుపునీటియందు చిటికెడు సున్నము వేయగనే నీరు ఎఱ్ఱనగుట మన యిండ్లలో అందఱును చూచినదే. ఆ ఎఱ్ఱనీటిలో నిమ్మరసము బొట్టుబొట్టుగా పిండి చూడుడు. బొట్టు పడినచోట పచ్చదనము కనబడి, కలుపగనే మాయమగును. తుదకొక బొట్టుతో నీరంతయు మరల పచ్చనగును.

సున్నము క్షారము, నిమ్మరసములోనిది ఆమ్లము. క్షారము మిగిలియున్నంతవఱకు పసుపు ఎఱ్ఱగా నుండును. అది తీఱిపోగానే తన సహజవర్ణము దాల్చును. అయినచో ఆ సున్నమెక్కడికి పోయినది? పులుపేమైనది? రెండును కలిసి కాల్షియం సిట్రేటు అను లవణముగను, నీరుగను మాఱినవి. ఈ మార్పునకే తటస్థీకరణమని పేరు.

దీని మర్మమును తెలిసికొనుటకు స్వీడను దేశీయుడగు స్వాంటె అర్హీనియస్ 1884లో తన సిద్ధాంతవ్యాసముతో పునాది వేసెను. 1903లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. నీటిలో కరగిన ఆమ్లము ధనవిద్యుత్తుగల హైడ్రోజను అయానులను, క్షారము ఋణవిద్యుత్తుగల హైడ్రాక్సైడు అయానులను ఇచ్చును. ఈ రెండును కూడి నీరగును. మిగిలిన భాగములు లవణమునకు చెందును.

ఈ సంధిలో లెక్క తప్పదు. 36.5 గ్రాముల హైడ్రోక్లోరికామ్లమునకు 40 గ్రాముల కాస్టిక్ సోడా సరిపోవును, 58.5 గ్రాముల ఉప్పు, 18 గ్రాముల నీరు పుట్టును. ఏ ప్రక్క కూడినను 76.5 గ్రాములే. విడివిడిగా చర్మమును కాల్చు పదార్థములు రెండు సరిపాళ్ళలో కలిసినచో, మనము నిత్యము కూరలో వేసికొను ఉప్పు ఏర్పడుచున్నది. ఒకటి హెచ్చినచో, ఆ మిగిలినది తన ఉగ్రగుణమును విడువదు.

మఱియొక విశేషము వేడి. బలమైన ఆమ్లమేదైనను, బలమైన క్షారమేదైనను, పలుచని ద్రావణములుగా కలిపినపుడు 18 గ్రాముల నీరు పుట్టుటలో సుమారు 13.7 కిలోకాలరీల వేడి వెలువడును. పదార్థముల పేర్లు వేఱైనను అయానులు కూడి నీరగుట అను పని ఒక్కటే. కనుక వేడియు ఒక్కటే. పలుచని ద్రావణములలో ఈ వేడి నీటియందు సర్దుకొనును. చిక్కని ద్రావణములైనచో కాగి చిమ్మును.

ఈ లెక్కయు, ఈ వేడియు జ్ఞాపకముంచుకొనవలసిన సందర్భమొకటి కలదు. తాంబూలపు సున్నము పసిపిల్లల కంటిలో పడు ప్రమాదము మన యిండ్లలో ఎఱుగనిది కాదు. సున్నమునకు పులుపు విఱుగుడు గదా యని అపుడు నిమ్మరసము పిండుట తగదు. కంటిలో పడిన సున్నమెంతయో కొలిచి చూడగలవారెవరు? తక్కువైన సున్నము మిగులును. ఎక్కువైన ఆమ్లము బాధించును. వేడి ఎటులును పుట్టును. క్షారము కంటిపొరలను కరగించుచు లోనికి దిగును గనుక క్షణమైనను ఆలస్యము కూడదు. వెంటనే ఱెప్పలు విప్పి, ధారాళముగా మంచినీటితో అరగంటయైనను కడుగవలెను. ఱెప్పల క్రింద సున్నపు తునకలు దాగియుండవచ్చును గనుక, నొప్పి తగ్గినను బిడ్డను తప్పక కంటివైద్యునకు చూపవలెను. ఒంటిపై ఆమ్లము పడినపుడును మొదటి చికిత్స నీరే.