వార్తల్లో పదం: ఈ-సిగరెట్

పొగాకును కాల్చకుండా, బ్యాటరీ శక్తితో ఒక ద్రవాన్ని వేడిచేసి, ఆ ఆవిరిని పీల్చేందుకు వీలు కల్పించే పరికరమే ఈ-సిగరెట్. నేడు వాడుకలో ఉన్న రూపాన్ని చైనాకు చెందిన హోన్ లిక్ 2003 ప్రాంతంలో రూపొందించారు. నికోటిన్, గ్లిజరిన్, సువాసన పదార్థాలు కలిసిన ద్రవం నిండిన చిన్న గొట్టాన్ని కార్ట్‌రిడ్జ్ అంటారు; దాని మర, బ్యాటరీ మర ఒకే కొలతలో ఉంటేనే రెండూ అమరుతాయి కనుక, ఇతర దేశాల్లో కొత్తగా కొనేవారు ఈ పొంతనను చూసుకోవాల్సి ఉంటుంది.

భారత్‌లో మాత్రం, నంద్యాల జిల్లా కొత్తపల్లెలో గానీ, ఆళ్లగడ్డలో గానీ ఆ ఎంపికకు చట్టబద్ధమైన తావు లేదు. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా వచ్చి, అదే ఏడాది డిసెంబరులో చట్టమైన నిషేధం, తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటనలన్నింటికీ వర్తిస్తుంది. పూర్తి పరికరాన్నే కాక అందులోని ఏ భాగాన్ని అమ్మినా నేరమే కనుక విడి కార్ట్‌రిడ్జ్‌కూ మినహాయింపు లేదు. నికోటిన్ లేదన్న వాదన కూడా చెల్లదు. తొలి నేరానికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అమ్మకుండా కేవలం నిల్వ ఉంచినా ఆరు నెలల వరకు జైలు తప్పకపోవచ్చు.

విచిత్రమేమిటంటే, బీడీ కట్ట మాత్రం 2003 నాటి పొగాకు చట్టం కింద, బొమ్మతో కూడిన హెచ్చరికను ధరించి, ఊరి కిరాణా కొట్టులో నిక్షేపంగా అమ్ముడవుతూనే ఉంది.