బడి మైదానంలో అందరికీ చోటు

నేర్చుకోవడం, ఆలోచించడం, నిత్యజీవితపు పనులు సొంతంగా చక్కబెట్టుకోవడం వంటి సామర్థ్యాలు వయసుకు తగినట్టు ఎదగని స్థితిని మేధో వైకల్యం అంటారు. ఇది ఎదిగే వయసులోనే మొదలవుతుంది. మానసిక రోగంతో దీన్ని కలపరాదు. ఆట నియమాలు అర్థం కావేమోనన్న సందేహంతో ఇటువంటి కౌమార వయస్కులను వ్యాయామ పీరియడులో ఒక పక్కన కూర్చోబెడితే, బరువు పెరగడమే కాక తోటివారితో కలిసే అవకాశమూ వారికి దూరమవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం, 5 నుంచి 17 ఏళ్ల మధ్య వయసుండి వైకల్యంతో జీవించే పిల్లలకూ రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరం. అందుకు బోధన తీరు మారాలి. బంతి విసరడం నేర్పేటప్పుడు ఉపాధ్యాయుడు ముందు తాను విసిరి చూపి, నిలబడవలసిన చోట సుద్దతో గుండ్రం గీసి, ‘చూడు, పట్టు, విసురు’ అని ఒక్కొక్క మాటే చెబుతూ పలుమార్లు చేయిస్తే, పిల్లలు క్రమంగా పట్టు సాధిస్తారు. మేధో వైకల్యానికి దారితీసే డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో కొందరికి మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది కనుక, పల్టీలు కొట్టించే ముందు వైద్యుణ్ణి సంప్రదించాలి.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో, మేధో వైకల్యం గలవారికి ఉద్దేశించిన టీ20 విభాగపు 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. ఆమె ప్రతిభ తొలుత వెలుగు చూసింది బడిలోనే.

పతకాలు కొందరికే దక్కవచ్చు. ఆటల్లో సమాన అవకాశం మాత్రం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యం ఉన్న ప్రతి విద్యార్థికీ ఇచ్చిన హక్కు.